కొండ మనది, సీజన్ ఎవరిది?



కార్తీకం వచ్చిందంటే మన ఘాట్ రోడ్లు నిండిపోతాయి. వంజంగి కొండెక్కి మేఘాలు చూడాలని అర్ధరాత్రి దాటాక కార్లు పాడేరు మీదుగా బారులు తీరతాయి. లంబసింగిలో తెల్లారకముందే టీ కొట్ల దగ్గర జనం. వలిసె పూలు పూస్తే అరకు రోడ్డు పొడవునా ఫోన్లు పట్టుకుని పొలాల్లోకి దిగేవాళ్ళే. సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఇదే వరస.

వాళ్ళు రావడం తప్పని నేను అనను. ఊపిరాడని ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళు రెండు రోజులు మన గాలి పీల్చుకుని పోతే మనకేం పోతుంది? వచ్చినోడికి ఇంత అంబలి పోసి పంపే జాతి మనది. నేను అడిగేది వేరే. ఈ మూడు నెలలు మన కొండల మీద తిరిగే డబ్బులో మన చేతికి వచ్చేదెంత? మీ ఊరి లెక్క మీరే వేయండి. బొంగు నరికి తెచ్చేది మనవాడు. గదులు ఊడ్చేది మన చెల్లెళ్ళు. టెంట్లు మోసేది, రాత్రి మంట వేసేది మన తమ్ముళ్ళు. మంట చుట్టూ థింసా ఆడేది మన అమ్మలు. గది అద్దె, టెంటు అద్దె మాత్రం రాత్రికి రాత్రే ఫోన్ పేలో కొండ దిగిపోతుంది. సరిగ్గా అవే రోజుల్లో మన ఇంటి తోటలో కాఫీ పండు కోతకొచ్చి ఉంటుంది, కోయడానికి మనిషి దొరకడు.

ఇంకో మాట. లంబసింగిని 'ఆంధ్రా కాశ్మీర్' అని బోర్డులు పెట్టారు. దానికి కొర్రబయలు అని మనకో పేరు ఉండనే ఉంది. ఆ చలిలో బయట ఉండిపోతే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. కాశ్మీర్‌ని అరువు తెచ్చుకునే అవసరం ఎవరికి వచ్చిందో నాకు అర్థం కాదు. మన చీర అద్దెకి కట్టి, నెత్తిన కుండ పెట్టి ఫోటోలు తీయించే వ్యాపారం సంగతి ఇంకోసారి రాస్తాను.

అసలు విషయానికి వస్తాను. మీ ఊళ్ళో కూడా ఒకడు ఉంటాడు. వాడి పేరు మీద కొత్తగా కరెంటు మీటరు ఉంటుంది, 'ఎకో స్టే' అనో 'హిల్ వ్యూ' అనో బోర్డు ఉంటుంది. ఓనరు ఎవరంటే వాడే. వాడు మాత్రం అక్కడ నెల జీతానికి గేటు తీస్తుంటాడు. వెనకాల ఉన్నది మైదానం నుంచి వచ్చిన పెట్టుబడి. మధ్యలో ఒక స్టాంపు పేపరు, దాని మీద మనవాడి సంతకం. 'అమ్మలేదు కదా, లీజుకే కదా ఇచ్చాను' అంటాడు. చదువుకున్న కుర్రాళ్ళు కూడా ఇదే మాట అంటుంటే బాధేస్తుంది.

1/70 ఏం చెబుతుందో ఒకసారి చదవండి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలని 1970లో సవరిస్తే వచ్చిందే మనం 1/70 అని పిలుచుకునేది. అందులో 'బదిలీ' అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి, భూమికి సంబంధించిన ఒప్పందం, అన్నీ బదిలీ కిందకే వస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీకి గానీ, ఆదివాసీలు మాత్రమే సభ్యులుగా ఉన్న సొసైటీకి గానీ బదిలీ అయితేనే చెల్లుతుంది. ఇంకెవరికి రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఇంత బలమైన చట్టం చేతిలో పెట్టుకుని మనం స్టాంపు పేపరుకి భయపడుతున్నాం.

'ప్రభుత్వ భూమి అయితే రిసార్టుకి ఇవ్వొచ్చుగా' అని ఇంకో వాదన వినిపిస్తుంది. దానికి జవాబు 1997లోనే వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో ఇచ్చిన మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క అని, తన భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. బొర్రా గుహలు చూడ్డానికి టికెట్టు కొనే ఎంతమందికి ఈ సంగతి తెలుసు? వాళ్ళ సంగతి సరే, అక్కడ జామకాయలు అమ్ముకునే మనకైనా తెలియాలి కదా.

2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో, టూరిజం కోసం 1/70ని మార్చాలన్నట్టు అసెంబ్లీ స్పీకరే మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ చేశాం. చట్టాన్ని రద్దు చేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆ రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ అది గర్వమే. కానీ చట్టం అక్కడ నిలబడితే ఏం లాభం, ఇక్కడ మన సంతకాలతో మనమే దాన్ని ఖాళీ చేస్తుంటే? బంద్‌లో నినాదం ఇచ్చిన నోటితోనే డిసెంబరులో 'అన్నా, మా కొండ పక్కన రెండెకరాలుంది, చూస్తావా' అని ఫోన్ చేస్తే ఎలా?

'1/70 ఉంటే పెట్టుబడి రాదు, అభివృద్ధి జరగదు' అనేవాళ్ళకి మన కాఫీనే చూపించండి. ఆదివాసీ రైతుల చిన్న చిన్న తోటల్లో పండిన కాఫీ అది. 2017లో ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1/70 అప్పుడూ ఉంది. కాఫీ కొండ దిగింది, భూమి మాత్రం రైతు చేతిలోనే ఉంది. టూరిజం ఇంకో దారిలో నడవాలని ఎక్కడ రాసి ఉంది?

నిజం చెప్పాలంటే కాఫీకి పట్టినంత పెట్టుబడి కూడా టెంట్లకి అక్కర్లేదు. మేఘాలు మనం తయారుచేసేవి కావు, ఊరికే వస్తాయి. ఇరవై టెంట్లు, దుప్పట్లు, రెండు మరుగుదొడ్లు, నీళ్ళు, వంట. పదిమంది కుర్రాళ్ళు, డ్వాక్రా సంఘం అక్కలు కలిస్తే నడిచే పని. బ్యాంకు అప్పు ఇవ్వకుండా తిప్పుతుంది, నిజమే. ఐటీడీఏ దగ్గర మనం కొట్లాడాల్సింది అక్కడే. వ్యూపాయింటుకి ఇంకో రోడ్డు వేయమని మనం అర్జీ పెట్టక్కర్లేదు, ఎలాగూ వేస్తారు. గర్భిణిని ఇంకా డోలీలో మోస్తున్న ఊళ్ళకి రోడ్డు అడగాలి, టెంట్లకి అప్పు అడగాలి.

చెత్త గురించి రెండు ముక్కలే చెప్తాను. గెడ్డలో సీసాలు, ఊట దగ్గర ప్లేట్లు. ఆ నీళ్ళు కింద ఊరు తాగుతుంది. టెంటు వేసినవాడు ఊరివాడైతే ఆ మాట గట్టిగా అడిగే ధైర్యం ఉంటుంది. ఓనరు ఎక్కడో ఉంటే ఎవరిని అడుగుతాం?

కాబట్టి ఈసారి సీజన్ మొదలవ్వకముందే గ్రామసభ పెట్టించండి. పంచాయతీ ఆఫీసులో నలుగురు కూర్చుని సంతకాలు పెట్టేది కాదు, మీ ఊళ్ళోనే, మీ రచ్చబండ దగ్గరే. పెసా చట్టం లెక్కలో మీ గూడెం కూడా ఒక గ్రామమే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి చేయి దాటకుండా ఆపే అధికారం, అక్రమంగా పోయినదాన్ని వెనక్కి తెచ్చే అధికారం గ్రామసభకి ఉండాలని 1996 నాటి ఆ చట్టమే చెబుతోంది. కొండ మీద ఎన్ని టెంట్లు వేయొచ్చు, ఎవరు వేయాలి, పార్కింగ్ డబ్బులు ఏ ఖాతాలో పడాలి, ఎన్నింటికి పాటలు ఆపాలి, అన్నీ తీర్మానంలో రాయండి. కోతల రోజుల్లో ఎవరి తోటకి ఎవరు సాయం వెళ్ళాలో కూడా అక్కడే మాట్లాడుకోండి.

ఇప్పటికే సంతకం పెట్టినవాడిని సభలో నిలబెట్టి తిట్టకండి. వాడికి డబ్బు అవసరం వచ్చినప్పుడు మనలో ఎవరం ఇవ్వలేదు. వాడిని వెంటబెట్టుకుని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (గిరిజన సంక్షేమం) ఆఫీసుకి వెళ్ళండి, 1/70 కింద అర్జీ పెట్టించండి. స్టాంపు పేపరు జిరాక్సు, మీటరు బిల్లు, బోర్డు ఫోటో, గ్రామసభ తీర్మానం నకలు జత చేయండి. రసీదు తీసుకోకుండా బయటికి రాకండి.