తుపాకీ చేతికిచ్చే ముందు ఫైలు చదవాలి

2024 జూలై 6, అర్ధరాత్రి దాటింది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర ఒక ఇంటి నుంచి అత్యవసర నంబరు 911కు ఫోన్ వెళ్లింది. ఇంటి చుట్టూ ఎవరో తచ్చాడుతున్నారని సోన్యా మేస్సీ భయపడింది. ఆమెకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. సాంగమన్ కౌంటీ షెరీఫ్ కార్యాలయం నుంచి ఇద్దరు డెప్యూటీలు, అంటే షెరీఫ్ కింద పనిచేసే పోలీసులు, వచ్చారు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పొయ్యి సంగతి చూడమని డెప్యూటీ చెబితేనే ఆమె లేచి వెళ్లి గిన్నె దించింది. క్షణాల్లో మాటలు పెరిగాయి. షాన్ గ్రేసన్ అనే డెప్యూటీ ఆమె ముఖం మీద కాల్చాడు. సాయానికి పిలిచిన మనిషి ప్రాణం పోయింది.

2025 అక్టోబరులో జ్యూరీ గ్రేసన్‌ను సెకండ్ డిగ్రీ హత్యలో దోషిగా తేల్చింది. కౌంటీ ఆ కుటుంబానికి కోటి డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. కానీ మా హెచ్చరిక ఆ రాత్రి గురించి కాదు. అంతకు పద్నాలుగు నెలల ముందు, 2023 మేలో, అదే షెరీఫ్ కార్యాలయం అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్న రోజు గురించి.

2020 నుంచి లెక్కేస్తే గ్రేసన్‌కు అది ఆరో పోలీసు కొలువు. తాగి బండి నడిపిన కేసులు రెండు రుజువయ్యాయి. సైన్యం నుంచి దుష్ప్రవర్తన కింద బయటికొచ్చాడు. పక్కనే ఉన్న లోగన్ కౌంటీ షెరీఫ్ కార్యాలయంలో పనిచేసినప్పుడు, వెంటాడటం ఆపమన్న ఆదేశాన్ని లెక్కచేయకుండా గంటకు 110 మైళ్లకు పైగా వేగంతో కారు తోలాడు. అతని రిపోర్టుల తీరు గురించి పైఅధికారులు అతణ్ణి కూర్చోబెట్టి నిలదీశారు. అదంతా అక్కడ రికార్డయి ఉంది. ఇందులో ఏదీ రహస్యం కాదు. పక్క కౌంటీకి వెళ్లి ఒక పూట కూర్చుని ఫైలు తిరగేస్తే తెలిసేదే. అయినా అతనికి బ్యాడ్జీ దక్కింది.

ఇది ఒక్క కౌంటీ కథ అయితే ఇంత గొంతెత్తం. 2022 నవంబరులో వర్జీనియాలోని వాషింగ్టన్ కౌంటీ షెరీఫ్ కార్యాలయం ఆస్టిన్ ఎడ్వర్డ్స్ అనే యువకుణ్ణి చేర్చుకుంది. 2016లో మానసిక స్థితి బాగాలేక అతణ్ణి పోలీసులే ఆసుపత్రికి తీసుకెళ్లారు. తుపాకీ దగ్గర పెట్టుకునే హక్కును కోర్టు తీసేసింది. అయినా కౌంటీ కంటే ముందు రాష్ట్ర పోలీసు శాఖ అతణ్ణి ట్రూపర్‌గా తీసుకుంది. వివరాల తనిఖీలో పొరపాటు జరిగిందని తరువాత ఒప్పుకుంది. ఒకచోట తప్పిన కన్ను రెండోచోటా తప్పింది. కౌంటీలో చేరిన తొమ్మిదో రోజున, ఆన్‌లైన్‌లో వలవేసిన ఒక బాలిక కోసం కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ దాకా వెళ్లి, ఆమె తల్లిని, తాత అమ్మమ్మలను చంపాడు.

అదే 2022 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో దంపతులను కాల్చి చంపాడని అలమీడా కౌంటీ డెప్యూటీ ఒకరి మీద అభియోగం వచ్చింది. దాంతో పాత ఫైళ్లు తీశారు. నియామకంలో మానసిక పరీక్ష పెట్టిన నిపుణులు ‘తగరు’ అని రాసిచ్చినా ఉద్యోగాలు పొందినవాళ్లు 47 మంది తేలారు. ఒక్కసారిగా వాళ్ల దగ్గర తుపాకులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పరీక్ష జరిగింది, ఫలితం కాగితం మీద ఉంది, చదివి పక్కన పెట్టారు. దీన్ని పొరపాటు అని సరిపెట్టుకోవడానికి మాకు మనసొప్పదు.

డబ్లిన్ పేరు వినగానే చాలామంది తెలుగువాళ్లు ఉలిక్కిపడి ఉంటారు. ఆ ఊళ్లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో. ఆ ఊరికి పోలీసు సేవలు అందించేది కూడా అలమీడా షెరీఫ్ కార్యాలయమే. వర్జీనియాలోని లౌడన్, జార్జియాలోని ఫోర్సైత్ లాంటి కౌంటీల్లో పిల్లల బడుల కోసం ఇల్లు కొనుక్కున్న మన కుటుంబాలకు, 911 నొక్కితే తలుపు తట్టేది షెరీఫ్ డెప్యూటీయే. మన దగ్గర కానిస్టేబుల్ ఉద్యోగాలకు రాష్ట్ర స్థాయి నియామక మండలి పరీక్ష పెడుతుంది. జిల్లా ఎస్పీని ప్రభుత్వం బదిలీ మీద పంపుతుంది. అక్కడ అలా కాదు. షెరీఫ్ ఓట్లతో గెలుస్తాడు. డెప్యూటీని తీసుకునే నిర్ణయం చాలాచోట్ల ఆయన సంతకంతోనే ముగుస్తుంది. కౌంటీ జైలు నడిపేదీ చాలాచోట్ల ఆయన కార్యాలయమే.

సిబ్బంది కొరత నిజమే. జైళ్లలో డెప్యూటీలు షిఫ్టు మీద షిఫ్టు చేస్తున్నారు. ఖాళీలు నింపడానికి చేరిక బోనస్‌లు ఇస్తామని కార్యాలయాలు ప్రకటిస్తున్నాయి. అప్పటికే శిక్షణ పొందినవాడు ఇంకో కౌంటీ నుంచి వస్తే అకాడమీ ఖర్చు, నెలల సమయం మిగులుతాయి. అసలు ప్రమాదం పుట్టేది సరిగ్గా అక్కడే. ఫ్లోరిడాలో ముప్పై ఏళ్ల నియామకాలను పరిశీలించి గ్రున్‌వాల్డ్, రాపపోర్ట్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకచోట ఉద్యోగం ఊడి, మరోచోట చేరిన పోలీసులు ఏ ఏడాది చూసినా సగటున 1,100 మంది దాకా పనిచేస్తున్నారని అందులో తేలింది. అలాంటివాళ్లు మళ్లీ ఉద్యోగం పోగొట్టుకునే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువని కూడా వాళ్లు చూపించారు.

మనిషికి రెండో అవకాశం ఇవ్వకూడదా అని అడిగేవాళ్లున్నారు. తప్పకుండా ఇవ్వాలి. కౌంటీలో తుపాకీ అక్కరలేని ఉద్యోగాలు బోలెడున్నాయి. నిర్మానుష్యమైన వేళ ఒంటరి ఇంట్లోకి బ్యాడ్జీతో అడుగుపెట్టే అవకాశం మాత్రం, పాత యజమానులందరితో మాట్లాడకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

సోన్యా మేస్సీ పేరు మీద ఇల్లినాయి 2025 ఆగస్టులో చట్టం చేసింది. పోలీసు ఉద్యోగానికి వచ్చే అభ్యర్థి తన పాత ఉద్యోగాల రికార్డులన్నీ చూసేందుకు అంగీకరించాలి. పాత కార్యాలయాలు వాటిని ఇవ్వాలి. ఒక ప్రాణం పోయాక ఒక రాష్ట్రం నేర్చిన పాఠం ఇది. అమెరికా కేంద్ర ప్రభుత్వం మాత్రం వెనక్కి నడిచింది. దుష్ప్రవర్తనకు పాల్పడిన ఫెడరల్ అధికారుల వివరాలతో 2023 డిసెంబరులో మొదలైన జాతీయ డేటాబేస్‌ను 2025 జనవరిలో మూసేశారు. కాబట్టి ఈ కాపలా కౌంటీల్లోనే, కౌంటీ జనమే కాయాలి.

అక్కడున్న మన కుటుంబాలను మేం కోరేది ఇదే. పౌరసత్వం లేకపోయినా కౌంటీ బోర్డు సమావేశాల్లో ప్రజలకిచ్చే సమయంలో లేచి మాట్లాడవచ్చు. షెరీఫ్ బడ్జెట్ చర్చకు వచ్చిన రోజు వెళ్లండి. మానసిక పరీక్షలో ‘తగరు’ అన్న ఫలితం వస్తే దాన్ని పక్కనపెట్టే అధికారం ఎవరికైనా ఉందా? పాత కార్యాలయాల ఫైళ్లు ఎవరైనా స్వయంగా చూస్తున్నారా, ఫోన్‌లో రెండు మాటలతో సరిపెడుతున్నారా? మూసేసిన ఆ డేటాబేస్ కాక, బ్యాడ్జీ కోల్పోయిన పోలీసులకు వేరుగా ఉన్న జాతీయ సూచికలో ప్రతి అభ్యర్థి పేరూ వెతుకుతున్నారా? జవాబు కాగితం మీద అడగండి.

లౌడన్‌లో తదుపరి షెరీఫ్ ఎన్నిక 2027 నవంబరులో. ఇలాంటి ఎన్నికలప్పుడు అభ్యర్థులు మన గుళ్లకూ, ఉగాది వేడుకలకూ వస్తే శాలువా కప్పడానికి ముందు, ఫొటో దిగడానికి ముందు, ఈ మూడు ప్రశ్నలు నలుగురి ఎదుట మైకులో అడగండి.