ఇంటి నుంచే ఉద్యోగం... ముందు డబ్బు కట్టమంటే?

ఘట్‌కేసర్ నుంచి ఒక చెల్లెలు రాసింది. చదువు ఇంటర్‌తో ఆగిపోయిందట. పిల్లలు బడికెళ్ళాక కాస్త తీరిక, రోజూ ఉప్పల్ దాకా పోయి వచ్చే వీల్లేదు. ఒకాయన రెండు వేలు కడితే ఇంట్లో టైపింగ్ పని ఇస్తానన్నాడనీ, శ్రావణమాసానికి దాచుకున్న డబ్బు పంపనా అనీ అడిగింది.

వద్దు తల్లీ!

డిగ్రీ లేకపోతే మంచి పని దొరకదని కాదు. 2020 జూన్‌లో అమెజాన్ కంపెనీ కస్టమర్ సర్వీసుకి 20,000 మందిని తాత్కాలికంగా తీసుకుంటామని ప్రకటించింది. ఆ ఊళ్ళల్లో హైదరాబాదూ ఉంది. చాలావరకు ఇంటి నుంచి చేసే పనే. అడిగిన చదువు ఇంటర్, భాషల్లో మన తెలుగూ ఉంది. అవి అప్పుడే అయిపోయాయి. మళ్ళీ అలాంటివి పడ్డాయేమో కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో చూడాలి, ఫోన్‌కొచ్చిన లింకు నొక్కి కాదు.

టైపింగ్ మోసంలో ఇంకో రకం ఉంది. ముందు అగ్రిమెంటు మీద సంతకం పెట్టిస్తారు. వంటా వార్పూ పక్కనపెట్టి టైపు చేసి పంపాక, "తప్పులెక్కువ, జరిమానా కట్టు, లేదా పోలీసులొస్తారు" అంటూ వాట్సాప్‌లో లాయరు నోటీసు! భయపడి గాజులు తాకట్టు పెట్టేరు సుమా. టైపింగ్‌లో తప్పులొచ్చాయని ఎవర్నీ అరెస్టు చెయ్యరు.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు, మావారికి తెలిస్తే తిడతారని దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.