జ్వరమొచ్చిన పిల్లను ఇంటికి పంపొద్దు



హాస్టళ్లల్ల ఎన్నేళ్ల సందో ఒక అలవాటు ఉంది. పిల్లకు రెండు రోజులు జ్వరం తగ్గకపోతే ఇంటికి కబురు పోతది. అయ్యనో అన్ననో వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి తోలుకపోతడు. జలుబు జ్వరమైతే ఇంటికాడ తగ్గుతది, నేను కాదనను. కాని దగ్గు, ఆయాసం ఉన్న పిల్లను ఇట్ల పంపడం తప్పు అని నా అభిప్రాయం. కోపం చేసుకోకుండా చదవండి.

న్యుమోనియా అంటే ఊపిరితిత్తుల్లో క్రిములు చేరి, గాలి ఉండాల్సిన చిన్న చిన్న సంచుల్లో నీరు, చీము నిండడం. ఇది మనకు తెలుసు. తెలియనిది పక్కనే ఉన్న గుండె సంగతి. మేకను కోసినప్పుడు మీరు చూసే ఉంటారు. గుండెకాయ ఉత్తగ ఉండదు, పల్చని తిత్తిలో ఉంటది. తిత్తి చీరితే కొన్ని నీళ్లు కారుతయి. పదో తరగతి అక్కల జీవశాస్త్రంలో దాన్నే హృదయావరణ త్వచం అన్నారు. పెద్దవాళ్లకు ఆ నీరు 15 నుంచి 50 మిల్లీలీటర్లు ఉంటుందట. గుండె కొట్టుకునేటప్పుడు ఒరుసుకోకుండా అది కాపాడుతుంది. న్యుమోనియా క్రిములు ఊపిరితిత్తి నుంచి పక్కకు పాకి గాని, రక్తంలో కలిసి గాని ఆ తిత్తిలోకి పోతే అక్కడ చీము పడుతుంది. తిత్తి గబుక్కున సాగదు. అందుకని చీము పెరిగిన కొద్దీ గుండెనే నొక్కుతది. గుండె విప్పుకోలేదు, రక్తం నింపుకోలేదు. వైద్యం లేకపోతే దాదాపు ఎవరూ బతకరు.

మా చిన్నమ్మ కొడుకు వేరే హాస్టల్ల ఆరో తరగతి చదివేటోడు. న్యుమోనియా అని గోలీలిచ్చి ఇంటికి పంపిండ్రు. మూడు రోజులకు జ్వరం దిగింది. మిగిలిన గోలీలు మళ్లా పనికొస్తయని గుడిసె కప్పులో చెక్కి పెట్టిండ్రు. పది రోజులకు జ్వరం మళ్లా వచ్చింది. ఈసారి వాడు పండుకోలేడు. పండుకుంటే ఛాతీల నొప్పి, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం నయం. రెండు రాత్రులు మోకాళ్ల మీద తల పెట్టి కూర్చున్నడు. మెడ నరాలు ఉబ్బినయి. మా అవ్వ తేనె నాకించింది. మేం తేనె తీసే చెంచులం, తేనెను నేను తక్కువ చేయను, గొంతుకు మంచిదే. కాని సెగ్గడ్డ లేస్తే తేనె రాసి ఊరుకుంటమా? కోసి చీము తీస్తేనే తగ్గుతది. ఇది కూడా అంతే. మంచం మీద మోసి రోడ్డు దాకా తెచ్చి 108 ఎక్కించిండ్రు. పట్నంల పెద్ద దవాఖానల ఎకో పరీక్ష చేసి, ఛాతీలోకి సూది పెట్టి, గొట్టం వేసి చీము తీసిండ్రు. నెల రోజులు ఇంజక్షన్లు. బతికిండు. చదువు ఒక ఏడాది పోయింది.

ఆ హాస్టల్ నుంచి దవాఖానకు ఆటోలో పావుగంట. మా పెంట నుంచి, నల్లమల లోపలి నుంచి, వానాకాలం ఒక పొద్దంతా. వాన్ని దగ్గర నుంచి దూరానికి పంపిండ్రు. నాకు ఇదే అర్థం కాదు.

ఈ జబ్బు ఇప్పుడు అరుదు అని ఏఎన్ఎం అక్క చెప్పింది. నిజమే. పూర్వం ఎక్కువట. 1824లోనే కొల్లిన్ అనే ఫ్రాన్సు డాక్టరు గుండె తిత్తి వాచినప్పుడు కొత్త తోలు కిర్రుమన్నట్టు చప్పుడు వినిపిస్తుందని రాశాడు. విన్నా చేయడానికి మందు లేదు. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనుక్కున్నాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో తయారైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. మందుల వల్లనే అరుదైంది. సగంలో ఆపి కప్పులో చెక్కిన పిల్లకు ఆ మందు కనుక్కుని ఏం లాభం? న్యుమోనియా టీకా పీసీవీ కూడా 2021లోనే దేశమంతటా చిన్నపిల్లలకు వచ్చింది. మనం అప్పటికే పెద్దోళ్లం. మీ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు వేయించారా అని ఇంటికి పోయినప్పుడు అడగండి.

మేడం ఒక్కరు, మేం ఇంతమందిమి. దవాఖానల పిల్ల పక్కన ఎవరు కూర్చోవాలె అంటారు. ఏమన్నా అయితే మాట పడేది వార్డెన్ గారే, అది కూడా నాకు తెలుసు. కాని ఇంటికి పంపే ఆ కబురునే "దవాఖానకు రండి" అని పంపొచ్చు కదా. ఆ సంతకం అక్కడ పెడతరు. గోలీలు డాక్టరు చెప్పినన్ని రోజులు మన దగ్గరే మింగించొచ్చు. ఆగిన జ్వరం మళ్లా వస్తే మళ్లా పారాసిటమాల్ ఇచ్చి చూడొద్దు, ఆ రోజే తీసుకపోవాలె. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష వేరే ఉంది. టీబీ వల్ల కూడా గుండె చుట్టూ నీరు చేరుతది.

అమ్మాయిలూ, పరీక్షలప్పుడు ఇంటికి పంపుతారని దగ్గును దుప్పట్ల దాచుకునే వాళ్లు మన రూముల్లో ఉన్నారు. పక్క మంచం పిల్లవే నువ్వు చూడాలె. ఊరికే కూర్చున్నప్పుడు మన ఈడు వాళ్లం నిమిషానికి 20 సార్ల దాకా ఊపిరి పీలుస్తం. 30 దాటితే రాత్రయినా సరే మేడంను లేపు.

లెక్కపెట్టడానికి గడియారం కావాలె. సిక్ రూములో గడియారం దసరా సెలవుల నుంచి ఆగిపోయి ఉంది. మేడం గారూ, దానికి ఒక సెల్లు వేయించండి.

– 9వ తరగతి విద్యార్థిని