సర్దడం, సర్దుకుపోవడం

ఆడవాళ్ళకు డబ్బాల పిచ్చి అని మావారి సిద్ధాంతం. మిఠాయి వచ్చిన డబ్బా పారెయ్యనివ్వరు, బిస్కెట్ల డబ్బా పారెయ్యనివ్వరు, చివరకు చెప్పులొచ్చిన అట్టపెట్టె కూడా అటకెక్కిస్తారు అంటారు. నిజమే, నేను కాదనను. అయితే ఈ పిచ్చి మాకెందుకు పట్టిందని ఇంతవరకు ఏ మగవాడూ అడిగిన పాపాన పోలేదు. ఎవరూ అడగలేదు గనుక నేనే చెప్పదలచుకున్నాను.

నేను బొమ్మలు వేస్తాను. పెద్ద చిత్రకారిణినేం కాను. మా షాలిబండలో ఇంకా మిగిలివున్న పాత ఇళ్ళ గుమ్మాలు, చెక్క కిటికీలు, లాడ్ బజారు గాజుల దుకాణాలు, ఎప్పుడైనా ధైర్యం చేస్తే చార్మినారు. అన్నీ నీటిరంగులే. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా వేసుకుంటాను. దానికి ముందు అంట్లు, దాని తరువాత బడినుంచి పిల్లలు. మధ్యలో ఆ గంట నాది.

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా చెల్లెలు ఒక వస్తువు తెచ్చింది. దాని పేరు డెస్క్ ఆర్గనైజరుట. నాలుగు అరలు, మూడు సొరుగులు, కుంచెలకు గుండ్రని గొట్టాలు, గిర్రున తిరిగే పీట. "అక్కా, నీ సామానంతా ఇందులో సర్దేసుకో. చూడు ఎంత నీటుగా ఉంటుందో!" అంది. ఉంటుంది, ఎందుకుండదు? బల్లమీద పెట్టుకునే పెట్టె అది. ఇంతకీ నా బల్లేదీ?

మా ఇంట్లో బల్లలు రెండు. ఒకటి భోజనాల బల్ల, అది అందరిదీ. రెండోది మావారి కంప్యూటరు బల్ల, అది ఆయనది. సరే, భోజనాల బల్ల చివర ఆ ఆర్గనైజరు పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి అందులో ఏమున్నాయో లెక్క రాసిపెట్టాను, వినండి: కరెంటు బిల్లులు మూడు, గ్యాసు పుస్తకం, మావారి కళ్ళజోడు, అత్తమ్మ బీపీ మాత్రలు, జ్వరం చూసే గొట్టం, పెన్నుల మూతలు, రబ్బరు బ్యాండ్లు, ఎవరిదో సెల్లుఫోను ఛార్జరు. నా కుంచె ఒక్కటి మాత్రం, పరాయి ఊళ్ళో తప్పిపోయిన పిల్లలా ఓ మూల నిలబడి ఉంది.

పోనీ, కదిలే పెట్టె అయితే ఎవరి జోలీ ఉండదనుకున్నాను. తీసుకోవడం, వేసుకోవడం, మూసెయ్యడం. అలా మొదలైంది నా ప్రయోగశాల. బేగంబజారులో ప్లాస్టిక్ సామాను, స్టీలు సామాను హోల్‌సేలుగా అమ్మే సందులన్నీ తిరిగాను. దుకాణంవాడు "లేజావ్ అమ్మా, ఏక్ నంబర్ మాల్!" అన్నప్పుడల్లా నమ్మాను. ఒక్కొక్కదాన్నీ వారం చొప్పున వాడి, గడియారం ముందు పెట్టుకుని పరీక్షించాను. మీకు డబ్బు దండగ కాకుండా ఆ ఫలితాలు చెబుతాను.

మొదటిది, పిడి ఉన్న మూడంతస్తుల ప్లాస్టిక్ పెట్టె. తెరిస్తే మెట్లమెట్లుగా విచ్చుకుంటుంది. చూడ్డానికి ముచ్చటే. కాని తడి కుంచెలు అందులో పెట్టి మూస్తే వానాకాలంలో బూజు పడుతుంది. నాకు పట్టింది. కుంచె కడిగాక పడుకోబెట్టి ఆరబెట్టాలి, తడిగా నిలబెడితే నీరు కిందికి దిగి లోహపు పట్టీలోని జిగురు పాడై వెంట్రుకలు రాలిపోతాయి. ఆరేదాకా మూత వెయ్యకూడదంటే, మూసెయ్యడానికి కొన్న పెట్టె మూసే వీల్లేదన్నమాట!

రెండోది, లాడ్ బజారులో కొన్న గాజుల పెట్టె. లోపల కడ్డీలుంటాయి కదా, వాటికి అంటించే టేపు చుట్టలు చక్కగా పడతాయి. ఇంకేమీ పట్టవు.

మూడోది, మా పాత టిఫిను క్యారియరు. కింది గిన్నెలో రంగుసీసాలు, మధ్య గిన్నెలో గుడ్డపేలికలు, పై గిన్నెలో నీళ్ళు. ఇరవై ఏళ్ళపాటు సాంబారు కార్చిన క్యారియరు రంగునీళ్ళు కార్చదా? కార్చింది. సాలార్‌జంగ్ మ్యూజియం దాకా ఆటోలో వెళ్ళి దిగేసరికి నా చీర కుచ్చిళ్ళు నీలిమందు తొట్టిలో ముంచినట్టున్నాయి.

నాలుగోది, వెదురుపుల్లల చిన్న చాప. కుంచెలు వరసగా పెట్టి చుట్టచుట్టి తాడు కట్టడమే. గాలి ఆడుతుంది, కుంచె మొన వంగదు, ధరా తక్కువే. దీనికి నూటికి తొంభై మార్కులు.

అయిదోది, అన్నిటికన్నా గొప్పది, పోపుల డబ్బా. స్టీలుది, ఏడు గిన్నెలది. ట్యూబుల్లోని నీటిరంగు ఒక్కో గిన్నెలో పిండి రెండు రోజులు ఆరనిచ్చాను. తడి కుంచె తగిలిస్తే చాలు, రంగు మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. కలుపుకోవడానికి మాత్రం తెల్ల పింగాణీ సాసరే మంచిది, స్టీలు మీద రంగు ఉన్నదున్నట్టు కనబడదు. ఒక్క జాగ్రత్త: కొన్ని రంగుల్లో కాడ్మియంలాంటి విషాలుంటాయి గనుక రంగులకు వాడిన డబ్బా మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. ఈ సంగతి అనుభవం మీద తెలిసింది. ఒకనాడు అత్తమ్మ పప్పులోకి చెంచా పట్టుకుని నిలబడి, "ఏందే పిల్లా, ఈ పసుపు గింత గట్టిపడ్డది?" అన్నారు. పరుగెత్తుకెళ్ళి డబ్బా లాక్కున్నాను. ఆ పూట పప్పు బతికింది, మేమూ బతికాం.

ఇంతవరకూ పరీక్ష. ఇక అసలు లెక్కకు వస్తాను. అన్నిటికన్నా తెలివైన ఏర్పాటులో కూడా, అంటే పోపుల డబ్బా, వెదురుచాప కలిపి, సామాను దించి పరచడానికి 6 నిమిషాలు, మళ్ళీ కడిగి, తుడిచి, సర్ది, బల్లమీద మరక లేకుండా చేసి అటకెక్కించడానికి 10 నిమిషాలు పట్టాయి. మొత్తం 16 నిమిషాలు. నాకున్న గంటలో నాలుగోవంతు పైమాటే. నెలకు 8 గంటలు. సంవత్సరానికి 96 గంటలు, అంటే నాలుగు రాత్రులు, నాలుగు పగళ్ళు. నేను బొమ్మలు వేసుకుంటానన్న ఆనవాలు ఇంట్లో కనబడకుండా చెయ్యడానికి ఏడాదికి నాలుగు దినాలు ధారపోస్తున్నాను! ఇది ఏ ఆర్గనైజరు తీర్చే బాధ చెప్పండి?

ఆడది తన పనిని దాచుకోవడం ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో నవలలు రాసిన జేన్ ఆస్టిన్‌కు రాసుకోవడానికి ప్రత్యేకం గది లేదు. అందరూ మసిలే హాల్లోనే, చిన్న బల్లమీద చిన్న కాగితాలు పెట్టుకుని రాసేదిట. తలుపు కిర్రుమంటే ఎవరో వస్తున్నారని తెలిసి కాగితాలు దాచేసేది, అందుకే ఆ తలుపు కిర్రు బాగుచేయించవద్దన్నదని ఆవిడ మేనల్లుడు రాశాడు. ఆవిడకు తీసుకెళ్ళే రాతపెట్టె కూడా ఒకటుండేది. 1798లో ప్రయాణంలో ఒక సత్రం దగ్గర అది పొరపాటున వేరే బండెక్కిపోతే, గుర్రంమీద మనిషిని తరిమి తెప్పించారు. ఆవిడ దగ్గరున్న డబ్బంతా, ఏడు పౌనులు, అందులోనే ఉందిట. ఆ పెట్టె ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. పెట్టెకు శాశ్వతమైన చోటు దొరికింది, పాపం, ఆవిడ పోయాక.

మగవాడి పెట్టె సంగతి చూడండి. మన దక్కనులో కలందాన్ అనేవారు, కలాలు పెట్టుకునే పెట్టె. జింకు కలిసిన లోహంమీద వెండి పొదిగి, బీదరుకోట మట్టితో నల్లబరిచే బిద్రీపనితోనూ కలందాన్లు చేసేవారు. మొగలాయి దర్బారులో వజీరుగిరీ ఇచ్చేటప్పుడు రత్నాలు పొదిగిన సిరాబుడ్డి బహూకరించేవారు. ఆయన కలం పెట్టె ఆయన హోదా. నా కుంచెల పెట్టె మాత్రం "ఆ చెత్త కాస్త తీసెయ్యి, చుట్టాలొస్తున్నారు"!

ఆ మాటకొస్తే ఈ పాతబస్తీలోనే ఆడదాని పెట్టెకూ ఒక వైభవం ఉండేది. పాన్‌దాన్. 1968 నుంచి ఇప్పటి భవనంలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ గదికి వెళ్ళి చూడండి. పైన పళ్ళెంలో సున్నానికి, కాచుకు, వక్కలకు, ఏలకులకు వేరువేరు గిన్నెలు, కింద తమలపాకులు. ఇంతకంటె మంచి ఆర్గనైజరు నా చెల్లెలి అమెరికాలోనూ లేదు. అది బేగం గారి తఖ్తుమీద ఆవిడ చేతికందేట్టు ఉండేది. చుట్టాలొస్తే దాచేవారు కాదు, ముందుకు జరిపేవారు.

ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ కుటుంబాల్లో పెళ్ళినాడు కోడలికి సొంత ఖర్చుకింద ఇస్తామని రాసుకునే సొమ్ముకు పాన్‌దాన్ ఖర్చు అని పేరు. ఉత్తరాదిన ఒక నవాబుగారు 1877లో కోడలికి నెలకు 500 రూపాయలు ఇస్తానని రాసి, తరువాత ఇవ్వనంటే, ఆవిడ కోర్టుకెక్కింది. 1910లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆవిడకే తీర్పు చెప్పింది. ఒప్పందంమీద ఆవిడ సంతకం లేకపోయినా ఆ సొమ్ము అడిగే హక్కు ఆవిడకుందంది. డబ్బా ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు చూశారా! డబ్బా పేరున హక్కు కూడా రాశారు. మనకు ఇవాళ బజారునిండా డబ్బాలే అమ్ముతున్నారు.

"రెండు గదుల పోర్షన్లలో అందరికీ తలో బల్ల ఎక్కణ్ణుంచి తెస్తారమ్మా?" అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కాని ఆ రెండు గదుల్లోనే టీవీకి చోటుంది. ఫ్రిజ్జుకు చోటుంది. వరండాలో స్కూటరుకు చోటుంది. ఎప్పుడో పదేళ్ళకిందట ఆగిపోయిన కుట్టుమిషనుకు కిటికీపక్కన మంచి వెలుతురున్న చోటుంది! దానినెవ్వరూ మడిచి అటకెక్కించమనలేదు. ఎందుకంటే అది జాకెట్టు కుట్టి నాలుగు డబ్బులు మిగిల్చే వస్తువు. పైసలు తెచ్చే పని చేసేవాళ్ళ సామాను ఎప్పుడూ పరిచే ఉంటుంది. లాడ్ బజారు లక్కగాజులవాళ్ళ కుంపటి, రాళ్ళడబ్బాలు ఎవరైనా సాయంత్రం అటకమీద పెడుతున్నారా? పైసలు రాని పని అయితే కాలక్షేపం. కాలక్షేపానికి కాలమే ఇస్తారు, అదీ మిగిలితే. చోటివ్వరు.

ఇంటిముందు ముగ్గు మాత్రం వెయ్యమంటారు. కొబ్బరిచిప్పలో ఇంత పిండి ఉంటే చాలు, గుమ్మంముందంతా నాదే. ఎందుకంటే అది శుభం. అది నాకోసం వేసేది కాదు, ఇంటికోసం. ఇంటికోసమయితే వీధంతా ఇస్తారు, నాకోసమయితే భోజనాలబల్ల మూల కూడా బరువే.

ప్రయాణానికి పెట్టె ఉండాల్సిందే, నేను ఒప్పుకుంటాను. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టాడు. అంతకుముందు నూనెరంగులు పందితిత్తుల్లో కట్టి తీసుకెళ్ళేవారు. ట్యూబు వచ్చాక బయట పొలాల్లో, నదిఒడ్డున కూర్చుని వెయ్యడం సులువయింది. చార్మినారు నీడలో కూర్చుని వేసేటప్పుడు నా పోపులడబ్బాకు రోజూ దణ్ణం పెడతాను. కాని ఇంటినుంచి బయటికెళ్ళే చోట పెట్టె కావాలి గాని, సొంత ఇంట్లో కూడా సత్రంలో దిగినదానిలా మూటాముల్లే సర్దుకుంటూ ఉండాలా?

మన భాషలో ఒక చిత్రం ఉంది. సామాను సర్దడం ఒకటి, సర్దుకుపోవడం ఒకటి. మొదటిది బాగా వచ్చిన పిల్లకు రెండోది దానంతటదే వస్తుందని మన పెద్దల నమ్మకం కాబోలు. ఇరవై ఏళ్ళు నేను రెండూ చేశాను. ఇక మొదటిది మాత్రమే చేస్తాను.

పోయిన నెల ఏం చేశానంటే, ఆగిపోయిన మిషనును కిందికి దించేసి, దాని చెక్కబల్లను తుడిచి నా సాసరు, నీళ్ళగ్లాసు, పోపులడబ్బా పెట్టేశాను. అడుగున్నర వెడల్పు, మూడడుగుల పొడుగు. ఎవరినీ అడగలేదు. మూడింటికి మూత వెయ్యకుండానే లేచి పిల్లలకు పాలు కలిపాను. బొమ్మ సగంలో అలాగే ఉంది, మర్నాడు కూర్చుంటే ఆపినచోటనుంచే మొదలయింది. ఆ 16 నిమిషాలూ నాకు మిగిలాయి.

మావారు మొదటిరోజు కళ్ళజోడు తెచ్చి దానిమీద పెట్టారు. నేను తీసి కంప్యూటరు బల్లమీద పెట్టాను. రెండోరోజూ పెట్టారు. రెండోరోజూ తీశాను. మూడోరోజు ఆయనే గుర్తుపట్టారు.

మొన్న ఆదివారం చుట్టాలొచ్చారు. ఎప్పటిలా అలవాటుకొద్దీ లేవబోయాను, సర్దుదామని. ఇంతలో వచ్చినావిడ "ఇదేందమ్మా, ఇట్ల పరిచి పెట్టిండ్రు?" అంటూ చెయ్యి పెట్టబోయింది. అత్తమ్మ కుర్చీలోంచి కదలకుండానే అన్నారు: "అది మా కోడలి బల్ల. పసుపనుకునేరు, ముట్టకుండ్రి."

చెల్లెలిచ్చిన ఆర్గనైజరు ఎక్కడుందంటారా? మావారి బల్లమీద. బిల్లులన్నీ అందులో ముచ్చటగా సర్దుకున్నారు. ఈమధ్య ఆయనకు కూడా కొంచెం డబ్బాల పిచ్చి పట్టినట్టుంది.