సగటు వానయు నడిమి వానయు

మా రాయచోటి ప్రాంతమున మెట్టసేద్యము చేయు కుటుంబముల బిడ్డలే మా తరగతిలో హెచ్చుమంది. గడచిన యేట సగటును బోధించుచు వర్షపాతపు లెక్క నొకటి నల్లబల్లపై వ్రాసితిని. వెనుక వరుసనున్న బాలుడొకడు లేచి, "అయివారూ, ఆ సగటు వాన ఏ యేడు కురిసె?" అని యడిగెను. తరగతి నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఆ యంకెలు నేను కల్పించినవి. ఒక గ్రామమున పదునొకండేండ్ల వానను మిల్లీమీటర్లలో తక్కువనుండి యెక్కువకు పేర్చగా 310, 360, 420, 450, 480, 520, 560, 610, 700, 850, 1340 అనుకొందము. మొత్తము 6600, సగటు 600. కాని 600 దాటిన యేండ్లు నాలుగే! తక్కిన యేడును దిగువనే యున్నవి. ఆ సగటును నమ్మి యప్పుచేసి వేరుసెనగ విత్తినవాడు పదునొకండింట ఏడుమార్లు మోసపోవును.

వరుసలో ఆరవది 520. దానికి క్రింద నైదు, పైన నైదు. ఇదియే మధ్యగతము. క్రింది యైదింటి నడుమనున్న 420 మొదటి చతుర్థాంశము. పై యైదింటి నడుమనున్న 700 మూడవది. (మధ్యగతమును రెండు సగములందును చేర్చి లెక్కించువారును గలరు; అప్పుడు 435, 655 వచ్చును. బాలురు దీనికి కలవరపడుదురు. ఏదో యొక పద్ధతిని పట్టి విడువకుండుట మేలు.) ఇంచుమించు నాలుగేండ్లకొకయేడు వాన 420 మించదని మొదటి చతుర్థాంశము చెప్పుచున్నది. ఆపాటి వానకు నిలువగల పైరేది, ఆ యేట తీర్చగల యప్పెంత యని రైతు యోచింపవలసిన యంకె యదియే.

సగటును పైకి లాగినది 1340 గదా! దానిని 2000 చేసినచో సగటు 660 కి ఎగబ్రాకును. మధ్యగతము 520 వద్దనే నిలుచును. అట్టి వానలు మనకు క్రొత్త గావు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ గ్రామములు వరదపాలాయెను. ఆ నీరు ఏ చేనికి పదును నిచ్చినది? అయినను సగటులో అట్టి వానయు కరవేండ్ల లోటును పూడ్చినట్లే కనబడును.

భారత వాతావరణ శాఖవారు సాధారణ వర్షపాతమని చెప్పునదియు 1971 మొదలు 2020 వరకు గల యేబదియేండ్ల సగటే. సగటును నిందించుట నా యుద్దేశము గాదు. చెరువులోనికి చేరు మొత్తము నీటిని లెక్కించువానికి అదియే కావలెను. రైతు బిడ్డకు మాత్రము అది చాలదు. మధ్యగతము పదవ తరగతి పుస్తకమున నున్నది. చతుర్థాంశములు పై తరగతులకు వాయిదా పడినవి. పదితో చదువు మాని సేద్యములోనికి పోవు బాలునికి ఆ పై తరగతి యెన్నడు వచ్చును?

వాన ఎప్పుడు కురిసినదో యీ యంకెలును చెప్పవు. విత్తిన పిమ్మట నలువది దినములు చుక్క రాలక, కాయ పెరుకువేళ కుండపోతగా కురిసినను ఏటి మొత్తము మారదు. కావున నెలనెలకు వేరుగ పేర్చవలెను. అందుకై బడి యావరణమున వానమాపకము నొకదానిని నిలిపి, ప్రతి యుదయము ఎనిమిదిన్నరకు బాలురచేతనే కొలిపించి పుస్తకమున కెక్కింపవలెనని నా కోరిక. జూనులో బడి తెరచునాటికి అది సిద్ధమైనచో, ఆ యేటి మొదటి పదునుతోనే లెక్క మొదలగును.