కనికట్టుకూ ఒక కట్టుబాటు ఉంది

మొన్నొక రాత్రి నిద్ర పట్టక టీవీ ముందు కూర్చున్నాను. నల్లకోటు తొడుక్కున్న ఒక యువకుడు ప్రేక్షకులలోంచి ఒక నడివయసు స్త్రీని వేదిక మీదికి పిలిచాడు. "మీ నాన్నగారు చిన్నప్పుడు మిమ్మల్ని ఒక ముద్దుపేరుతో పిలిచేవారు. అది మనసులో అనుకోండి, పైకి అనకండి" అన్నాడు. కాసేపు ఆవిడ ముఖంలోకి తేరిపార చూశాడు. పలక మీద ఏదో రాసి ఇటు తిప్పాడు. ఆవిడ భోరుమంది. తండ్రి పోయి ఆరేళ్ళయిందట.

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. నలభై ఏళ్ళుగా దయ్యాన్నీ జాతకాన్నీ బాబాలనీ నమ్మనివాణ్ణి. అయినా ఆ ఒక్క క్షణం, ఇది నిజమైతే ఎంత బాగుండును అనిపించింది. ఒక మనిషి మనసులోని మాట మరొక మనిషికి మాటతో పనిలేకుండా అందుతుందంటే, ఈ లోకంలో మనం అనుకున్నంత ఒంటరులం కామన్నమాట. అలా అనుకుంటూ ఉండగానే ఆ యువకుడు మనవైపు తిరిగి, "ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు. ఇదంతా మనస్తత్వశాస్త్రం. ముఖకవళికలు చదవడం నేర్చుకుంటే మీరూ చేయగలరు" అన్నాడు. నా గగుర్పాటు కాస్తా కోపంగా మారింది.

మర్నాడు ఒక హేతువాద మిత్రుడికి ఈ సంగతి చెబితే నవ్వాడు. "నమ్మాలనిపించడమే మొదటి మెట్టు. రేపు తాయెత్తు కట్టుకుంటావు" అన్నాడు. ఆ యువకుడికీ ఈ మిత్రుడికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను.

మాది దివిసీమలోని కోడూరు. నా చిన్నతనంలో ఏడాదికొకసారి గారడీవాడు వచ్చేవాడు. డోలు మోగగానే జనం వలయంగా చేరేవారు. అతడికి వేదిక లేదు, తెర లేదు. నాలుగు వైపులా కళ్ళు. పిల్లలం కిటుకు పట్టేద్దామని పనిగట్టుకుని అతడి వెనక్కి చేరేవాళ్ళం. అయినా మామిడిటెంక మొక్కయ్యేది, బుట్టలో పిల్లవాడు మాయమయ్యేవాడు. చివర కడుపు మీద చరుచుకుని, "అంతా కనికట్టు బాబూ, పొట్టకూటి కోసం" అని గుడ్డ పరిచేవాడు. బ్రాహ్మణుల ఇళ్ళ ముందు విద్యలు చూపిన విప్రవినోదులైనా, పద్మశాలీల దగ్గర చూపిన సాధనాశూరులైనా, వాళ్ళకూ చూసేవాళ్ళకూ నడుమ దూరం బారెడే.

కనికట్టు. మన భాషలో ఎంత నిజాయితీ గల మాట! నీ కన్ను కడుతున్నానని పేరులోనే ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకుని కూడా కడుతున్నాడు. అదీ విద్య. ఇందులో ఒక ఒడంబడిక ఉంది. నేను మోసం చేస్తానని అతడు ముందే చెబుతాడు. కళ్ళు నావి, ఎటు చూడాలో నా ఇష్టం. ఆ రెండు షరతుల మీద నేను మోసపోవడానికి సంతోషంగా ఒప్పుకుంటాను.

టీవీ వచ్చి ఈ రెండవ షరతును చడీచప్పుడు లేకుండా కొట్టేసింది. వలయంలో ఉన్న వంద జతల కళ్ళ స్థానంలో ఒక్క కన్ను మిగిలింది. ఆ కన్ను నాది కాదు, వాడిది. ఎటు చూడాలో వాడు చెబుతాడు, ఎప్పుడు రెప్ప వేయాలో కూడా వాడే చెబుతాడు. పదిసార్లు తప్పి ఒకసారి కుదిరితే ఆ ఒక్కటే మన ఇంటికి చేరుతుంది. తక్కిన పదీ కత్తిరింపుల బుట్టలో ఉంటాయి.

పోనీ మొదటి షరతైనా మిగిలిందా? 1956 ఏప్రిల్‌లో మన పి.సి. సర్కార్ బీబీసీలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోశాడు. ఆమె లేచి కూర్చోకముందే కార్యక్రమం ముగిసిపోయింది. ఆమె నిజంగా చచ్చిపోయిందనుకుని బెంబేలెత్తిన జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అయినా సర్కార్ మీద నాకు కోపం లేదు. ఆయన తనను తాను ఇంద్రజాలికుడనే చెప్పుకున్నాడు. మహిమగలవాణ్ణి అనలేదు, శాస్త్రజ్ఞుణ్ణి అనలేదు.

యూరీ గెల్లర్ సంగతి వేరు. చెంచాలు మనోబలంతో వంచుతానన్నాడు. 1973 ఆగస్టులో అమెరికాలో జానీ కార్సన్ టీవీ కార్యక్రమానికి వచ్చాడు. కార్సన్ ఒకప్పుడు స్వయంగా ఇంద్రజాలికుడు. జేమ్స్ రాండీ సలహా తీసుకుని, వస్తువులను గెల్లర్ ముందుగా తాకే వీలు లేకుండా తన మనుషుల చేతనే సిద్ధం చేయించాడు. ఇరవై నిమిషాలపాటు గెల్లర్ చేతుల్లో ఏదీ జరగలేదు. మరి అతడి పని అయిపోయిందా? లేదు, కీర్తి నిలబడే ఉంది! గారడీ అయితే ప్రతిసారీ కుదిరేది కదా, కుదరలేదు కాబట్టి ఇది నిజమైన శక్తే అని వాదించినవాళ్ళున్నారు. నమ్మాలన్న కోరిక ఎంత బలమైనదో చూడండి. ఓటమిని కూడా సాక్ష్యంగా మార్చుకోగలదు.

మూడవ రకం నేటిది. 2009 సెప్టెంబరు 9న డెరెన్ బ్రౌన్ బ్రిటన్‌లో ప్రత్యక్ష ప్రసారంలో జాతీయ లాటరీ అంకెలు ఆరూ చెప్పేశాడు. "చెప్పేశాడు" అనడం కూడా తప్పే. లాటరీ తీసిన తరువాతే తన బంతులను తిప్పి చూపించాడు. రెండు రోజుల తరువాత దాని "రహస్యం" అంటూ ఒక కథ వినిపించాడు: 24 మంది సామాన్యుల ఊహలకు సగటు తీస్తే సరైన అంకెలు వస్తాయట! యాదృచ్ఛికంగా దొర్లే బంతులకూ, మనుషుల ఊహల సగటుకూ ఏ సంబంధమూ లేదని బడిపిల్లవాడైనా చెబుతాడు. బ్రౌన్ తాను మాయ, సూచన, మనస్తత్వం, దృష్టి మళ్ళింపు అన్నీ కలిపి వాడతానని ముందే ఒప్పుకునే మనిషి, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ అక్కడ విద్యకన్న వివరణే పెద్ద గారడీ. అతడి దారిలో నడిచేవాళ్ళందరూ ఆ ఒప్పుకోలును వదిలేసి వివరణను మాత్రం పట్టుకున్నారు.

నల్లకోటు యువకుడి మీద నా అభియోగం ఇదే. దేవుడి పేరుతో మోసం చేసేవాణ్ణి అనుమానించడం మనకు తెలుసు. శాస్త్రం పేరుతో చేసేవాణ్ణి అనుమానించడం ఇంకా అలవాటు కాలేదు. ముఖం చూసి మనఃస్థితిని కొంత పసిగట్టవచ్చు, ముద్దుపేరు చదవలేము. చేసేది మాత్రం పాత పనే. ఎరుకలసాని "నీ మనసులో ఒక మాట మెదులుతోంది తల్లీ" అని వల విసిరి, మన ముఖంలో మార్పును బట్టి వల లాగుతుంది. లేదా సమాచారం ముందుగానే చేరుతుంది. 1986లో పీటర్ పాపాఫ్ అనే అమెరికా మతప్రచారకుడు భక్తుల పేర్లూ రోగాలూ దేవుడు చెబుతున్నాడంటూ చదివేవాడు. రాండీ బృందం రేడియోతో ఆ మాటలు పట్టేసరికి, చెవిలో చెబుతున్నది దేవుడు కాదు, భార్య! భక్తులు ముందే రాసిచ్చిన చీటీలు చూసి ఆవిడ చెబుతోంది. ఇక ఈనాడు చీటీలతోనూ పని లేదు. మన ముద్దుపేర్లు మనమే లోకానికి ప్రకటించుకుంటున్నాం.

ఇక మిత్రుడి మాట. అయ్యా, నమ్మాలనిపించడం జబ్బు కాదు. ఆ కోరిక లేనివాడు గారడీని ఆనందించలేడు. మన ప్రాంతపు హేతువాదులు మీలా నవ్వి ఊరుకోలేదు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినవాడు. నాస్తిక భావాల మూలంగా 1939లో ఆ ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది బెజవాడ చేరింది. ఆ కేంద్రంవాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించారు. బొగ్గు, దానిమీది బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి; అడుగు ఆనేది క్షణమే; అంతకు మించి ఏ మహిమా లేదని చెప్పి, జనాన్ని కూడా నడవమన్నారు. నమ్మకాన్ని లాక్కుని పోలేదు, దాని స్థానంలో అనుభవాన్ని పెట్టారు. 2025లో కన్నుమూసిన పట్టాభిరామ్ గారూ విద్య ప్రదర్శిస్తూనే ఇది మహిమ కాదని చెబుతూ వచ్చారు. చెప్పినందువల్ల ఆయన సభలకు జనం తగ్గలేదు.

"ఆవిడకు కాస్త ఓదార్పు దొరికింది కదా, నీకెందుకు బాధ?" అని అడుగుతారు. ఎందుకో చెబుతాను.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. ప్రభుత్వపు లెక్కలే పదివేల దగ్గర ఆగాయి. జనం లెక్క అంతకన్నా పెద్దది. ఆనవాలు తెలియని శవాలను సామూహికంగా కాల్చారు, పూడ్చారు. హంసలదీవి వైపు కౌలుపొలం చూసి వస్తానని వెళ్ళిన మా చిన్నమామయ్య తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నెలన్నర తరువాత అమ్మమ్మ అంజనం వేసే ఆయనను పిలిపించింది. తమలపాకు మీద నల్లటి కాటుక మెత్తి, పక్కన దీపం పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. అంజనం పిల్లల కళ్ళకే కనిపిస్తుందట.

"చూడు బాబూ, ఊడ్చేవాడు వచ్చాడా? నీళ్ళు చల్లేవాడు వచ్చాడా? ఆంజనేయస్వామి వచ్చాడా? మీ మామయ్యను చూపించమని అడుగు" అన్నాడు ఆయన. కాటుకలో దీపం వణుకుతోంది. దాని వెనక నా ముఖం. తల ఎత్తితే అమ్మమ్మ ముఖం. ఆమె చూపు నా పెదవుల మీద ఉంది. "కనిపిస్తున్నాడు" అన్నాను. "ఎక్కడ నాన్నా?" అంది. "నీళ్ళ అవతల. గళ్ళచొక్కా వేసుకున్నాడు."

ఓదార్పే. అమ్మమ్మ ఆ రోజు అన్నం తింది. కానీ ఆ ఓదార్పు ఖరీదు మరొకరు చెల్లించారు. మామయ్యకు కర్మ చేయనివ్వలేదు, తద్దినం పెట్టనివ్వలేదు. "బతికున్న కొడుక్కి తద్దినమా?" అనేది. అప్పటికి ఇరవై రెండేళ్ళున్న అత్తయ్యకు మళ్ళీ సంబంధం చూస్తామని వాళ్ళ అన్నయ్యలు వస్తే గుమ్మంలోంచే పంపేసింది. అమ్మమ్మ పోయేనాటికి అత్తయ్యకు ముప్పై ఆరు దాటాయి.

అంజనం కూడా ఒక తెరే. నల్లగా మెరిసే తెర, చూపించేవాడు ఒకడు, చూడాలని తహతహలాడే మనసు ఒకటి. అందుకే నల్లకోటు యువకుడితో నా బేరం ఇది. నా కళ్ళు కట్టు, సంతోషిస్తాను. డబ్బు కూడా ఇస్తాను. కానీ కడుతున్నానని చెప్పు. శాస్త్రాన్ని అడ్డం పెట్టుకోకు. చనిపోయినవాళ్ళను వేదిక ఎక్కించకు.

అత్తయ్యకు ఈ సంగతి చాలా ఏళ్ళు చెప్పలేకపోయాను. చివరికి ఒకనాడు, నాకేమీ కనిపించలేదు అత్తయ్యా, అని చెప్పేశాను. చాలాసేపు ఊరుకుంది. "ఎనిమిదేళ్ళవాడివి. అమ్మమ్మ మొహం చూసి అన్నావు. నీదేం తప్పురా?" అంది. కాస్సేపాగి, "ఆ అంజనం వేసినాయన మాత్రం పెద్దవాడే గదా" అంది.

నల్లకోటు యువకుడూ పెద్దవాడే.