తగలని బంతి



ఈ నెల మా ఇంటి సంగతే మీ ముందు పెడుతున్నాము. ఇందులో తప్పు మాదే గనుక దాచుకోవడం మంచిది కాదనిపించింది.

ఒక శనివారం రాత్రి మరునాటి ఆరాధన కొరకు వాక్యం సిద్ధపరచుకుంటున్నాము. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెరమీద క్రికెట్ ఆట. పది దాటినా లేవలేదు. మాకు కోపం వచ్చింది. “రేపు ఆదివారమని జ్ఞాపకముందా? నువ్వే ఇలా ఆటలకు అలవాటుపడితే సంఘంలోని పిల్లలకు మేమేం చెప్పగలం?” అని గద్దించాము. వాడు తల వంచుకుని, “ఆడటం లేదు డాడీ. ఆట తయారు చేస్తున్నాను. మూడు వారాలనుంచీ కుదరడం లేదు. చెబితే తిడతారని చెప్పలేదు” అన్నాడు.

సంగతి వినకుండా జవాబు చెప్పేవాని గురించి సామెతలు 18:13 ఏమంటుందో ఎన్నోసార్లు ప్రసంగించిన మేము ఆ రాత్రి సిగ్గుపడ్డాము. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాము.

వాడు వాడుతున్న దాని పేరు స్క్రాచ్. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ గారి బృందం దీనిని తయారుచేసి 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ముఖ్యంగా 8 నుండి 16 ఏళ్ల పిల్లల కోసం ఉద్దేశించినది. ఇందులో ఆజ్ఞలు టైపు చేయనక్కరలేదు. ఒక్కొక్క ఆజ్ఞ ఒక రంగు బ్లాకు. వాటిని ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోవాలి.

కదిలే బొమ్మను స్ప్రైట్ అంటారు. దానికి ఎన్ని కాస్ట్యూములైనా గీయవచ్చు. క్రిస్మస్ నాటికలో ఒకే పిల్లవాడు కాపరి వేషం తీసేసి జ్ఞాని వేషం వేసుకుంటాడే, అలాగన్నమాట. మావాడు బ్యాటుకు మూడు వేషాలు గీశాడు: పైకెత్తినది, నిలువుగా దించినది, ఊపు ముగిసినది. స్పేస్ కీ నొక్కితే సెకనులో పదోవంతుకు ఒకటి చొప్పున అవి మారతాయి. చూసేవారికి బ్యాటు ఊపినట్టే ఉంటుంది. బంతికి వేరే ఆజ్ఞలు: ఎడమకు కదులు, బ్యాటుకు తగిలావా చూడు, తగిలితే బౌండరీకి వెళ్లు, లేకపోతే వికెట్టు పడగొట్టు.

అంతా సరిగానే ఉంది. బంతి బ్యాటు ఉన్న దారిలోనే పోతోంది. అయినా ప్రతిసారీ అవుటే!

మాకు కంప్యూటరు విద్య తెలియదు. “బంతి ఎక్కడెక్కడ ఆగుతోందిరా?” అని మాత్రం అడిగాము. ప్రసంగం రాసుకున్న కాగితం వెనుక ఇద్దరం కలిసి లెక్క వేశాము. ఆ తెర అడ్డంగా 480 అడుగులు. నడిమధ్య సున్న, కుడి అంచు 240, ఎడమ అంచు మైనస్ 240. బంతి 220 దగ్గర బయలుదేరి ఒక్కో గెంతుకు 40 అడుగులు పోతోంది. 180, 140, 100... అలా మైనస్ 140కి వచ్చి, తరువాత మైనస్ 180కి పోతోంది. బ్యాటేమో మైనస్ 160 దగ్గర ఉంది. దాని మందం 12 అడుగులే. కంప్యూటరు బంతి ఆగినచోట మాత్రమే తగిలిందా అని చూస్తుంది. ఒక చూపుకు బంతి ఇంకా రాలేదు. మరు చూపుకు దాటిపోయింది!

మావాడు 40 తీసి 10 పెట్టాడు. బంతి మైనస్ 160 దగ్గర ఆగింది, తగిలింది, బౌండరీకి పోయింది. వాడు ఎగిరి గంతేశాడు. బంతి నెమ్మదించింది గాని, తెర మళ్లీ గీసేలోపే నాలుగు చిన్న అడుగులు వేసి, అడుగడుగునా చూసుకునే సొంత బ్లాకు చేసుకుంటే వేగం తగ్గదని వాడే తరువాత కనుగొన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ బంతి మేమే అనిపించింది. కూటములు, గృహ దర్శనాలు, ఆసుపత్రిలో ప్రార్థనలు, అన్నీ దేవుని పనే. ఉదయం వాడు లేవకముందు బయలుదేరడం, రాత్రి వాడు పడుకున్నాక రావడం. ఒకే ఇల్లు, ఒకే దారి. అయినా మూడు వారాలు వాడి కష్టం మాకు తగలలేదు.

ఎమ్మాయు మార్గంలో ప్రభువు ఏమి చేశారో లూకా 24వ అధ్యాయంలో చదవండి. ఆయన ఆ ఇద్దరి ముందు మెరిసి మాయమై పోలేదు. వారితో కలిసి నడిచారు. అన్నీ తెలిసి కూడా, మీరేమి మాట్లాడుకుంటున్నారని అడిగారు. గద్దింపు తరువాత వచ్చింది. అడగడం ముందు వచ్చింది.

తల్లిదండ్రులారా, పిల్లలు తెర ముందు చేసేదంతా మంచిదని మేము అనడం లేదు. కాలం పాడుచేసే ఆటలున్నాయి, హద్దు పెట్టవలసిందే. కాని హద్దు పెట్టేముందు అరగంట పక్కన కూర్చుని, “ఇదేమిటో నాకు చూపించు” అని అడగండి. కంప్యూటరు లేని ఇంట్లో అది బొమ్మల పుస్తకం కావచ్చు, అతికించిన గాలిపటం కావచ్చు.

అన్నట్టు, మావాడు చేసిన ఆటలో మేము మొదటి బంతికే అవుటయ్యాము. వాడి నవ్వు చూసి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

మన అడుగులను చిన్నవి చేసి, మన పిల్లల దగ్గర ఆగే కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.